ఆరువందల నెయిల్ కట్టర్లు

అత్తగారు వరండాలో కూర్చుని కాలి గోళ్లు తీసుకుంటుంటే చూసి కోడలికి పై ప్రాణాలు పైనే పోయినంత పనయిందని కిందటివారం చెప్పుకున్నాం. గోళ్లు తీసుకుంటే ప్రాణం పోవడమేమిటని అడిగేవాళ్లుంటారు. ఆవిడను అంత పని చేసింది అత్తగారి చేతిలోని నెయిల్ కట్టరు. ఆకుపచ్చ పిడి, పిడి మీద చిన్న చేప బొమ్మ. అలాంటివి ఈ నగరం మొత్తానికి ఆరువందలే ఉన్నాయి. ఏడేళ్ల కిందట ప్రత్యేకంగా చెప్పి చేయించింది ఆ కోడలే.

కోడలు యూనివర్సిటీలో ప్రొఫెసర్. జబ్బులు ఒకరి నుంచి ఒకరికి ఎలా పాకుతాయో, మత్తుమందు అలవాటు ఈ వీధి నుంచి ఆ వీధికి ఎలా దాటుతుందో లెక్కలు కట్టి, గీతలు గీసి చెప్పే మనిషి. ఇరవై రెండేళ్లుగా అదే పని. విద్యార్థులు వెనకాల అంకెలమ్మ అంటారు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. అంతకుముందు అదే కుర్చీలో కూర్చున్న పెద్దమనిషికి వాళ్లు పెట్టిన పేరుతో పోలిస్తే తనది సన్మానం కిందే లెక్క అని ఊరుకుంటుంది.

నెయిల్ కట్టర్ల సంగతి మళ్లీ ఒకసారి చెప్పుకోవాలి. సూదితో మత్తుమందు ఎక్కించుకునేవాళ్లు "మేం ఇంతమందిమండీ" అని వచ్చి వరసలో నిలబడరు. దాక్కునే జనాన్ని లెక్కపెట్టడానికి ఓ ఉపాయం ఉంది. దొడ్లో తిరిగే కోళ్లు ఎన్నో తెలియదనుకోండి. చేతికి చిక్కిన పది కోళ్ల కాళ్లకు దారం కట్టి వదిలేస్తాం. నాలుగు రోజులాగి మళ్లీ కొన్నిటిని పట్టుకుంటాం. వాటిలో సగానికి దారం కనిపిస్తే దొడ్లో ఉన్నవి ఇరవై. పదింట్లో ఒకదానికే కనిపిస్తే వంద. మనుషుల కాళ్లకు దారం కట్టలేం గనక అంకెలమ్మ నెయిల్ కట్టర్లు పంచింది. మూడు వారాలాగి నాలుగువందల మందిని కూర్చోబెట్టి, ఎరుపు, నీలం, ఆకుపచ్చ పిడుల బొమ్మలు చూపించి, "వీటిలో ఏదైనా మీకు ఎవరైనా ఇచ్చారా?" అని అడిగించింది. ఇరవై రెండు మంది ఆకుపచ్చ మీద వేలు పెట్టారు. ఆ ఇరవై రెండులోంచి పుట్టిందే పదకొండు వేలు. నగరంలో సూది వాడేవాళ్లు పదకొండు వేలమంది!

ఆ అంకె ఆవిడను ప్రొఫెసర్‌ని చేసింది. పాత మార్కెట్ వెనక సూదుల సెంటర్ తెరిపించింది. వాడిన సూది అక్కడ పడేస్తే కొత్త సూది ఇస్తారు, ఒకరిది ఒకరు వాడకుండా. రక్తం నుంచి రక్తానికి పాకి, ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా లివర్‌ని తినే వైరస్ ఒకటుంది. సెంటర్ లేకపోతే పదకొండు వేలమందిలో అది ఎంతమందికి రావాలో ఆవిడ లెక్కల మోడల్ చెప్పింది. పరీక్షల్లో తేలింది అందులో సగమే. "మిగతా సగాన్ని ఆపింది సెంటరే" అని ఆవిడ రాసింది. అందరూ నమ్మారు. సెంటర్ ఉంచాలా, మూసెయ్యాలా అని సోమవారం కమిటీ కూర్చుంటుంది. చెప్పాల్సింది ఆవిడే. ఇవాళ శనివారం.

"ఎక్కడిదత్తయ్యా ఇది?" అని అడిగితే, "సూదులబ్బాయి ఇచ్చాడు. మా వాకింగువాళ్లందరికీ ఇచ్చాడు. ఎంత బాగా తెగుతుందో!" అంది అత్తగారు, రెండో కాలు ముందుకు చాపుతూ.

డెబ్భై నాలుగేళ్ల వాకింగు ముసలమ్మలకు! అంటే దారం కట్టింది ఈ దొడ్డి కోళ్లకు కాదన్నమాట. అంకెలమ్మ ఆ కట్టరును అత్తగారి చేతిలోంచి లాక్కుని ఇంటి చెప్పులతోనే రోడ్డెక్కింది.

*

సూదులన్న అసలు వయసు నలభై. ఊరంతా అన్న అంటుంది గనక తనకన్నా పన్నెండేళ్లు చిన్నవాడైనా అంకెలమ్మ కూడా అన్నా అనే పిలుస్తుంది. ఒకప్పుడు వాడూ సూది మనిషే. మానేసి పదకొండేళ్లయింది. సెంటర్ పెట్టకముందు ఇల్లిల్లూ తిరిగి నెయిల్ కట్టర్లు పంచింది వాడే, సెంటర్ పెట్టాక కౌంటర్లో కూర్చున్నదీ వాడే.

ఆవిడ వెళ్లేసరికి పసుపు డబ్బాను కొక్కేనికి తగిలించి తూస్తున్నాడు. వెనక్కొచ్చిన సూదుల్ని ఎవరూ లెక్కపెట్టరు. చెయ్యి పెడితే గుచ్చుకుంటాయి. డబ్బాతో సహా తూచి, డబ్బా బరువు తీసేసి, ఒక్కో సూదికి ఇంత అని భాగిస్తారు. ఆ భాగహారం నేర్పింది అంకెలమ్మే.

"ఏంటక్కా, శనివారం పూట? ఆ చెప్పులేంటి, ఎవరైనా తరిమారా?"

ఆవిడ కౌంటర్ మీద నెయిల్ కట్టర్ పెట్టింది. "ఇది గుర్తుందా?"

"ఎందుకు గుర్తుండదు! ఇంకా బతికే ఉందా ఇది? చాలావాటికి ఎప్పుడో స్ప్రింగులు ఊడిపోయాయి."

"మా అత్తగారి దగ్గర దొరికింది."

"ఆఁ," అన్నాడు సూదులన్న. అయితే ఏంటి అన్నట్టుంది ఆ "ఆఁ".

"సూదులన్నా, నిజం చెప్పు. తిరగలేక, పార్కులో నడిచే ముసలమ్మలకి పంచేసి చేతులు దులుపుకున్నావు కదూ?"

వాడు డబ్బాను మెల్లగా కిందికి దించాడు. చేతి తొడుగులు తీసి, ఒకదాంట్లోకి ఒకటి దూర్చి, చెత్తబుట్టలో వేశాడు.

"నన్ను దొంగ అనండి, పడతా. మా నాన్న వాచీ అమ్ముకు తిన్నవాణ్ణి. కానీ ఈ పనిలో దొంగతనం చేశానంటే మాత్రం ఊరుకోనక్కా." సొరుగు లాగి, ప్లాస్టిక్ తొడిగించి దాచుకున్న చీటీ ఒకటి తీశాడు. "మీరు రాసిచ్చిందే. చదవండి."

ఆవిడ చేతిరాతే. ఏడేళ్ల కిందటి తేదీ. "సూదితో మందు ఎక్కించుకునేవాళ్లకు మాత్రమే. మనిషికి ఒక్కటే."

"ఆరువందలూ అలాగే ఇచ్చా. ఒక్కటంటే ఒక్కటి బయటికి పోలేదు."

"మా అత్తగారికి డెబ్భై నాలుగేళ్లయ్యా!"

"అయితే? చీటీలో వయసు రాయలేదుగా మీరు."

అంకెలమ్మ కౌంటర్ ముందున్న స్టూలు వెతుక్కుని కూర్చుంది. ఆ రోజు తను రాసినవి రెండు కాయితాలు. ఒకటి పంచేవాళ్లకు, రెండోది ప్రశ్నలు అడిగేవాళ్లకు. రెండోదాంట్లో మొదటి వాక్యమే "పద్దెనిమిది నుంచి యాభై ఏళ్లలోపువారిని మాత్రమే అడగాలి" అని. మొదటిదాంట్లో ఆ ముక్క రాయలేదు. రాయాలని తోచనే లేదు. సూదితో మందు ఎక్కించుకునే మనిషి అంటే ఆవిడ కళ్ల ముందు మెదిలింది వంతెన కింది కుర్రాడు. చేతిసంచీ పట్టుకున్న బామ్మ ఎందుకు మెదులుతుంది? దారం కట్టేటప్పుడు అన్ని కోళ్లకీ కట్టి, పట్టుకునేటప్పుడు పుంజుల్నే పట్టుకున్నారు.

"యాభై దాటినవాళ్లకి ఎన్ని ఇచ్చావు?"

"సగం. మూడొందలు, ఒకటీ అరా తేడా."

"మూడొందలా! ఎక్కడ దొరికారు అంతమంది?"

"అలాంటి ఇళ్లు నాలుగున్నాయి. లాండ్రీ పైన ఒకటి, బస్ డిపో దగ్గర ఓ కాంపౌండరుది ఒకటి, స్కూలు వెనక ఒకటి. అన్నిట్లోకీ మీదే పెద్దది."

"మాదేంటి?"

"మీ ఇంటి కింది వాటా." వాడు ఆవిడ ముఖంలోకి చూసి, మాట మింగి, మళ్లీ కక్కాడు. "మీకు తెలీదా అక్కా? ఒట్టు, తెలుసనుకున్నా. మీ ఇంటి సంగతి మీకు నేను చెప్పడమేంటని ఊరుకున్నా. ఇంట్లో చూసే ఇంత పెద్ద లెక్క తలకెత్తుకున్నారనుకున్నా."

అత్తగారు ముప్పై అయిదేళ్లు ఆసుపత్రిలో నర్సు. రిటైరయ్యాక కింది వాటాలో ఉంటోంది. రోజూ పొద్దున పదింటికల్లా వాకింగు నేస్తాలు గేటు తోసుకుని వస్తారు. కుర్చీలు లాగిన చప్పుడు, గ్లాసుల చప్పుడు, నవ్వులు. ఓసారి నవ్వు మరీ ఎక్కువైతే పైనుంచి నేల మీద చెప్పుతో కొట్టింది కూడా. ఆ నవ్వుల మీద, పై వాటాలో కుర్చీ వేసుకుని అంకెలమ్మ ఎవరికీ దొరకని జనం గురించి రెండు పుస్తకాలు రాసింది.

కౌంటర్ మీది రసీదు పుస్తకం వెనక్కి తిప్పి ఆవిడ లెక్క మళ్లీ వేసింది. దారం కట్టిన కుర్రకారు ఆరువందలు కాదు, మూడువందలే. పదకొండు వేలు కాస్తా అయిదున్నర వేలకు దిగింది.

"అయితే మంచిదేగా," అన్నాడు సూదులన్న. "తక్కువమందే అలవాటు పడ్డారన్నమాట."

"అన్నా, పదకొండు వేలమందికి రావాల్సిన జబ్బులో సగమే కనిపించిందని, ఆ తగ్గింది మన సెంటర్ చలవేనని నేను చెప్పుకున్నా. ఉన్నదే సగం జనం అయితే, జబ్బు కూడా సగమే ఉంటుంది కదా. తగ్గిందేముంది?"

వాడికి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. "అంటే, ఏడేళ్లూ మేం చేసింది గాలికి పోయిందా? రోజుకి మూడొందల సూదులు పంచుతున్నామే!"

"పోయిందనలేదు. ఉందని చెప్పడానికి నా చేతిలో ఏమీ లేదంటున్నా." చెబుతూ చెబుతూనే ఆవిడ పెన్ను ఆగింది. ముఖం మీదికి ఇంకో రంగొచ్చింది. ఆ చూపు విద్యార్థులకు బాగా తెలుసు, అది కనిపిస్తే ఆదివారం సెలవు గోవిందా. "ఆగు. ఆ ముసలమ్మలు మన సూదులు తీసుకుంటారా?"

"రెండుసార్లు డబ్బా మోసుకెళ్లా. గుమ్మంలోనే ఆపేశారు మీ అత్తగారు. 'నీ ప్లాస్టిక్ చెత్త నీ దగ్గరే పెట్టుకో, నేను నర్సుని' అన్నారు. మిగతా ఇళ్లలోనూ అంతే."

"అంటే మన సెంటర్ సూది ముట్టని మూడొందల మంది ఉన్నారు. ఇదే ఊరు, ఇదే వైరస్. ఒకళ్లకి కొత్త సూదులిచ్చి, ఇంకొకళ్లకి ఇవ్వకుండా ఆపి పోల్చి చూడటానికి ఏ మనిషికీ మనసు రాదు. ఎవరూ చెయ్యకుండానే జరిగిపోయింది అన్నా. వాళ్లలో జబ్బు కుర్రాళ్లకన్నా ఎక్కువుంటే సెంటర్ పనిచేసినట్టే. సోమవారం గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలను."

"లేకపోతే?"

"లేకపోతే వాళ్లు అదృష్టవంతులు. మనకి తాళం."

సూదులన్న తల గోక్కున్నాడు. "అంటే, వాళ్లకి జబ్బుంటే మనం పాసు. లేకపోతే ఫెయిలు."

"అంతే."

"మీ కింది వాటాకి మా పిన్ని కూడా వస్తుందక్కా," అన్నాడు వాడు.

అంటూనే లేచి, అలమరలోంచి వేలి రక్తంతో పావుగంటలో తేల్చే పరీక్షల పెట్టె తీశాడు. పెట్టెకు ఇరవై.

*

కింది వాటా తలుపు తీసే ఉంది. లోపల ఎవరూ నవ్వడం లేదు.

హాల్లో గోడ చుట్టూ కుర్చీలు. కుర్చీల నిండా ఆడవాళ్లు. చేతిసంచీలు ఒళ్లో పెట్టుకుని, రైలు కోసం కూర్చున్నట్టు కూర్చున్నారు. వంటగది గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. వెనక పొయ్యి మీద గిన్నె, గిన్నెలోంచి ఆవిరి.

"రా అమ్మాయ్. వస్తావనుకున్నా. నువ్వు అది లాక్కుని పోయినప్పుడే సంగతి అర్థమై అందరికీ ఫోన్లు చేశా. నా ఎడంకాలి గోళ్లు ఇంకా అలాగే ఉన్నాయి."

"ఎన్నాళ్ల నుంచి అత్తయ్యా ఇది?"

"రిటైరైన ఏడాది నుంచి. పద్నాలుగేళ్లు."

"ఏం మందు?"

అత్తగారు కిటికీ పక్కనున్న గాజు ఆంప్యూలు ఒకటి తెచ్చి అరచేతిలో పెట్టింది. అంకెలమ్మకు లేబుల్ చదవక్కర్లేకపోయింది. తన పట్టికల్లో మూడో వరసలో ఉండే మందు. నొప్పిని తీసేసి మనిషిని పట్టుకునే రకం.

"ఇది అలవాటవుతుందని తెలుసు కదా మీకు?"

"నువ్వు నాకు చెప్తున్నావా?" అత్తగారి గొంతు లేవలేదు, కానీ గట్టిపడింది. "మొదట మోకాలి నొప్పన్నారు. ఆర్నెల్లకి నిద్రన్నారు. ఏడాది తిరిగాక ఎందుకో వాళ్లకే తెలీదు, పొద్దున్నే గేటు దగ్గరుంటారు. నేను పొమ్మంటే ఆ డిపో కాంపౌండరు దగ్గరికి పోతారు. వాడు కొలవడు. నేను కొలుస్తా. నెల నెలా ఒక చుక్క తగ్గిస్తా. అడుగు ఎంతకి దించానో."

"తిట్టి తిట్టి దించింది తల్లీ," అంది తలుపు పక్క కుర్చీలోని పెద్దావిడ. "మా ఆయన కూడా అన్ని తిట్లు తిట్టలేదు."

ఒకరిద్దరు నవ్వబోయి ఆగిపోయారు.

"నాకు ఒక్క మాట చెప్పుండాల్సింది కదా!"

"నువ్వు అడిగావా? నగరమంతా అడిగించావు. వంతెన కింద, స్టేషన్ దగ్గర, జైల్లో కూడా. మెట్లు దిగి అడగలేదు." అత్తగారు గిన్నె వైపు తిరిగింది. "అడిగితే చెప్పేదాన్నో లేదో, అది వేరే సంగతిలే."

అంకెలమ్మ కూడా గిన్నెలోకి తొంగి చూసింది. బట్ట మీద మూడు గాజు సిరంజీలు, పక్కన స్టీలు సూదులు. ఇలాంటివి పుస్తకాల్లోని పాత బొమ్మల్లో తప్ప ఆవిడ ఎక్కడా చూడలేదు. కోపం రావాల్సిన చోట కుతూహలం వచ్చి కూర్చుంది. ఎన్ని సూదులు? ఒక్కోటి ఎంతమందికి? మధ్యలో ఎన్ని నిమిషాలు? అన్నీ అడిగింది. అత్తగారు తడుముకోకుండా చెప్పింది. ఇరవై నిమిషాలు, గడియారం చూసి, నీళ్లు తెర్లుతుండగా. ఒకరికి వేశాక మళ్లీ గిన్నెలోకే.

"ఎక్కించేది నీ కుర్రాళ్లలా నరానికి కాదు, కండకి. నా చేతిలో ఎవరికీ ఏ జబ్బూ రాలేదమ్మాయ్. రాదు." అంటూనే ఆవిడ చూపు పక్కకు జారింది. "ఒక్క నెల సంగతే చెప్పలేను."

హాల్లో కుర్చీ ఒకటి కిర్రుమంది.

"నాలుగేళ్ల కిందట నాకు కంటి ఆపరేషన్ అయింది చూడు. ఆవిరి దగ్గరికి పోవద్దన్నారు. ఒక కన్ను మూసుకుని గుచ్చేదాన్ని, ఉడకబెట్టడం మాత్రం ఈవిడకి అప్పజెప్పా." మూలనున్న సన్నటావిడ వైపు గడ్డం ఎత్తింది.

సన్నటావిడ సంచీ పట్టీని వేలికి చుట్టుకుంటోంది. "గ్యాసు ఊరికే అయిపోతోందని, నీళ్లు వేడెక్కగానే దించేసేదాన్ని వదినా. వేడెక్కితే చాలనుకున్నా. మీరు అడిగితే ఇరవై నిమిషాలనే చెప్పేదాన్ని."

"అది నాకు ఇవాళ పొద్దున ఫోన్లో చెప్పింది," అంది అత్తగారు. "నాలుగేళ్లకి."

సూదులన్న పరీక్షల పెట్టె బల్ల మీద పెట్టి, అందులోంచి చూపు తీయకుండా అడిగాడు. "ఆ నెల ఎంతమందికి వేశారు పెద్దమ్మా?"

"పంతొమ్మిది మందికే. నా ఒంటికన్ను చూసి మిగతావాళ్లు ఆ నెల రాలేదు. ఒక్కరూ మర్చిపోలేదు నేను. మిగతావాళ్లని రేపు రమ్మన్నా, ఇవాళ ఆ పంతొమ్మిది మందినే పిలిచా. ఆపరేషన్ అని ఆ నెల నేను వేసుకోలేదు, నేను లెక్కలో లేను."

అంకెలమ్మ కళ్లు అలవాటు ప్రకారం గోడ చుట్టూ తిరిగాయి. తలుపు పక్కావిడ నుంచి మూలనున్న సన్నటావిడ దాకా. మనసులో ఒకసారి, వేలితో ఒకసారి లెక్కపెట్టింది.

"పద్దెనిమిదే ఉన్నారు అత్తయ్యా. ఒకరు తక్కువ. రాలేదా?"

"వచ్చింది."

"ఎవరు?"

సూదులన్న పిన్ని తన చెప్పుల వైపు చూసుకుంటోంది. అత్తగారు పొయ్యి ఆపి, కొంగుకు చేతులు తుడుచుకుని, కోడలికి ఎదురుగా వచ్చి కూర్చుంది.

"నా కంటికి కట్టు కట్టిన నెలలోనే నీకు పెద్ద సభ ఉండింది. పోవడానికి రెండు వారాల ముందు నీ నడుం పట్టేసింది. లేవలేక పది రోజులు మంచం మీద బోర్లా పడుకున్నావు. ల్యాప్‌టాప్ నేల మీద పెట్టుకుని మరీ ఏదో టైపు చేసుకుంటూనే ఉన్నావు. డాక్టరు రాసిన సూదులు రోజూ పొద్దున నీకు ఎవరు వేశారమ్మాయ్?"

అంకెలమ్మకు ఆ పది రోజులూ గుర్తొచ్చాయి. టైపు చేసిన వ్యాసం కూడా గుర్తొచ్చింది. బోర్లా పడుకున్న మనిషికి వెనక వచ్చింది గాజు సిరంజో ప్లాస్టిక్ సిరంజో ఎలా తెలుస్తుంది? చల్లటి దూది, చురుక్కుమనడం, "అయిపోయింది, పడుకో" అన్న మాట. అంతే.

సూదులన్న మొదటి ప్యాకెట్ చించి, ఎవరికివ్వాలో తెలియక పట్టుకుని నిలబడ్డాడు. అత్తగారు వాడి చేతిలోంచి దాన్ని అందుకుని, కోడలి ఎడమచెయ్యి తన ఒళ్లోకి లాక్కుని, ఉంగరం వేలిని దూదితో తుడిచింది.

"చాపమ్మాయ్," అంది. "నీ రక్తంలో ఏముంటే సోమవారానికి మంచిదో, అది కూడా నువ్వే చెప్పు."